శూలకు మందు రాసిన హకీం

రాత్రి భోజనమైన కాసేపటికి ఛాతీలో ఏదో బిగబట్టినట్టవుతుంది. గుండె దడదడమంటుంది. ఇంట్లోవాళ్లు కంగారు పడితే, ఏం లేదు, గ్యాస్ పట్టేసింది అని సర్దిచెప్పి, కాస్త వాము నమిలి, గ్లాసెడు సోడా తాగి పడుకునేవారు మనలో చాలామంది ఉన్నారు. చాలాసార్లు అది నిజంగా గ్యాసే. కొన్నిసార్లు కాదు. కడుపు బాధ ఏదో, గుండె బాధ ఏదో విడదీసి చెప్పడం వెయ్యేళ్ల కిందటి హకీములకు కూడా కష్టంగానే ఉండేది. ఆ కాలంలో ఒక మహావైద్యుడు గుండె మందుల మీద ఒక గ్రంథం, కడుపు శూల మీద మరో గ్రంథం విడివిడిగా రాశారు. శూలతో బాధపడిన ఒక పాలకుడిని బాగుచేసి మంత్రి పదవి పొందారు. చివరకు అదే శూల ఆయన ప్రాణం తీసింది. ఆయనే అబూ అలీ హుసైన్ బిన్ అబ్దుల్లాహ్. యూరప్ వారు అవిసెన్నా అని, మన హకీములు షేఖుర్రయీస్ అని గౌరవంగా పిలుచుకునే ఇబ్న్ సీనా.

ఆయన కథ మనకు ఇంత వివరంగా తెలియడానికి కారణం అబూ ఉబైద్ జూజ్జానీ అనే శిష్యుడు. బాల్యం నుంచి సుమారు 30 ఏళ్ల వయసు దాకా జరిగిన సంగతులను ఇబ్న్ సీనాయే చెప్పి రాయించారు. ఆ తర్వాతి 25 ఏళ్లూ జూజ్జానీ గురువును వెన్నంటి ఉండి, కళ్లారా చూసినదంతా రాసిపెట్టారు. గురువు మీద అపారమైన భక్తి ఉన్నా ఆయన బలహీనతలను కప్పిపుచ్చలేదు. మహనీయుల చరిత్రలు రాసేవారిలో ఈ గుణం అరుదనే చెప్పాలి.

కూరగాయల అంగడిలో లెక్కలు

ఇబ్న్ సీనా హిజ్రీ 370, అంటే క్రీ.శ. 980లో బుఖారా సమీపంలోని అఫ్షనా గ్రామంలో జన్మించారు. ఆ ప్రాంతం నేడు ఉజ్బెకిస్తాన్‌లో ఉంది. తండ్రి అబ్దుల్లాహ్ బల్ఖ్ నుంచి వచ్చి, సామానీ వంశపు పాలకుడు నూహ్ బిన్ మన్సూర్ కొలువులో ఒక ప్రాంతానికి అధికారిగా పనిచేసేవారు. తల్లి పేరు సితారా. పిల్లల చదువు కోసం ఆ కుటుంబం బుఖారాకు తరలివచ్చింది. పదేళ్లు వచ్చేసరికే బాలుడు దివ్య ఖుర్ఆన్ కంఠస్థం చేసి, సాహిత్యంలోనూ మంచి ప్రవేశం సంపాదించాడు. భారతీయ పద్ధతిలో లెక్కలు నేర్చుకోవడానికి తండ్రి అతణ్ణి ఒక కూరగాయల వ్యాపారి దగ్గరికి పంపాడు. మన దేశపు అంకెలు ఆనాటికే బుఖారా అంగళ్లలో వాడుకలో ఉన్నాయనడానికి ఇదొక చక్కని సాక్ష్యం.

తర్కం, జ్యామితి, ఖగోళం చదివాక వైద్యం మీదికి మనసు మళ్లింది. వైద్యం తనకేమీ కష్టమైన విద్యగా తోచలేదని ఇబ్న్ సీనా స్వయంగా చెప్పుకున్నారు. పదహారేళ్ల వయసుకే పెద్ద వైద్యులు ఆయన దగ్గర కూర్చుని పాఠాలు చదువుకునేవారట. పుస్తకాలు చదవడంతో ఊరుకోకుండా రోగులను చూడసాగారు. ఏ పుస్తకంలోనూ దొరకని చికిత్సా మార్గాలు ఆ అనుభవంలో తెలిశాయి. రాత్రంతా దీపం ముందు చదువు. ఏదైనా సమస్య ముడిపడిపోతే మస్జిదుకు వెళ్లి నమాజు చేసి, ముడి విప్పమని అల్లాహ్‌ను వేడుకునేవారు. అరిస్టాటిల్ తత్వగ్రంథాన్ని 40 సార్లు చదివినా బోధపడలేదు. ఒకనాడు పుస్తకాల బజారులో ఒక వ్యాపారి బలవంతం మీద మూడు దిర్హములకు కొన్న ఫారాబీ రచనతో అదంతా తేటతెల్లమైంది. మర్నాడే ఆ సంతోషంలో పేదలకు దానధర్మాలు చేశారు.

ఇంతలో నూహ్ బిన్ మన్సూర్‌కు జబ్బు చేసింది. ఆస్థాన వైద్యులకు అంతుపట్టలేదు. ఇంకా మీసకట్టు సరిగా రాని ఈ యువకుణ్ణి పిలిపించారు. రాజుకు నయమైంది. ఇబ్న్ సీనా ధనం అడగలేదు, రాజుగారి గ్రంథాలయంలో చదువుకోవడానికి అనుమతి అడిగారు. ఒక్కో శాస్త్రానికి ఒక్కో గది, గది నిండా పెట్టెలు, పెట్టెల్లో గ్రంథాలు. పద్దెనిమిదేళ్లకు ఆయన చదువు ముగిసింది. ఆ తర్వాత జ్ఞానం పక్వమైందే గాని కొత్తగా చేరినదేమీ లేదని ఆయనే చెప్పుకున్నారు. కొంచెం గర్వంగా అనిపిస్తే అనిపించవచ్చు. వినయం ఆయన సుగుణాల్లో ఒకటి కాదు.

తండ్రి మరణించారు. సామానీ రాజ్యం కూలిపోయింది. ఇబ్న్ సీనా బుఖారా వదలవలసి వచ్చింది. ఖ్వారిజ్మ్‌లో కొన్నాళ్లు, తర్వాత నసా, తూస్ మీదుగా కాస్పియన్ సముద్రం దాపులోని జుర్జాన్‌కు చేరారు. తనను ఆదరిస్తాడని ఏ పాలకుణ్ణి నమ్ముకుని వెళ్లారో ఆ ఖాబూస్ అప్పటికే బందీ అయి మరణించాడు. అక్కడే జూజ్జానీ వచ్చి చేరారు. వైద్య చరిత్రలో శాశ్వతంగా నిలిచిన అల్ ఖానూన్ గ్రంథ రచన మొదలైందీ అక్కడే.

ఖ్వారిజ్మ్‌లో జరిగిన ఒక ముచ్చట జూజ్జానీ రాశారు. క్షయతో బాధపడుతున్న ఒక స్త్రీకి ఇబ్న్ సీనా వేరే మందులన్నీ మానిపించి, గులాబీ రేకులు, చక్కెర కలిపి చేసే పాకం మాత్రమే తినమన్నారట. ఆమె రోజుల తరబడి మణుగుల కొద్దీ తిని బాగుపడిందట. మన హైదరాబాదు కిళ్లీలో వేసే గుల్‌ఖంద్ ఆ పాకమే. క్షయ గుల్‌ఖంద్‌తో తగ్గదు. నెలల తరబడి మందులు వాడితేనే తగ్గుతుంది. ఈ ముచ్చట చదివి ఎవరూ మందులు మానరాదు.

పాలకుడి కడుపునొప్పి

రయ్ నగరంలో కొంతకాలం గడిపి 1015 ప్రాంతంలో ఇబ్న్ సీనా పశ్చిమ ఇరాన్‌లోని హమదాన్ చేరారు. ఆయన జీవితం మలుపు తిరిగింది ఇక్కడే. హమదాన్ పాలకుడు, బువైహీ వంశీయుడైన షమ్సుద్దౌలాకు ఖూలంజ్ పట్టుకుంది. పెద్దపేగులో గాలి బంధించి, మలం కదలక, మెలిపెట్టే నొప్పికి అరబ్బీ వైద్యులు పెట్టిన పేరు ఖూలంజ్. పెద్దపేగుకు గ్రీకులో కోలన్ అని పేరు. ఖూలంజ్ అన్నా, ఇంగ్లీషు డాక్టర్ల కోలిక్ అన్నా ఆ ఒక్క మాట నుంచి పుట్టినవే. మనం శూల అంటాం. ఇబ్న్ సీనా 40 రోజులు రాత్రింబవళ్లు పాలకుడి మందిరంలోనే ఉండి వైద్యం చేశారు. నొప్పి తగ్గింది. బహుమానాలు దక్కాయి, స్నేహం కుదిరింది, కొద్దికాలానికి ప్రధానమంత్రి పదవే వచ్చింది.

ఆ పదవి మాత్రం ఆయనకు అచ్చిరాలేదు. సైనికులు తిరుగుబాటు చేశారు. ఆయన ఇంటిని చుట్టుముట్టి ఉన్నదంతా దోచుకున్నారు. ఆయన తల తీయించమని పాలకుణ్ణి కోరారు. షమ్సుద్దౌలా చంపడానికి ఒప్పుకోక పదవి నుంచి తొలగించాడు. ఇబ్న్ సీనా తన మిత్రుడు అబూ సయీద్ బిన్ దఖ్‌దూక్ ఇంట్లో 40 రోజులు దాక్కున్నారు. ఇంతలో పాలకుడికి శూల తిరగబెట్టింది. మళ్లీ ఇబ్న్ సీనా కోసం వెతుకులాట! పిలిపించి, పదే పదే క్షమాపణ కోరి, వైద్యం చేయించుకుని, తిరిగి మంత్రి పదవి ఇచ్చాడు. ఒక పేగు నొప్పి మనిషిని గద్దె ఎక్కించి, దింపి, మళ్లీ ఎక్కించిన సందర్భం చరిత్రలో ఇంకెక్కడైనా ఉందో లేదో!

ఆ రోజుల్లో పగలంతా రాచకార్యాలు. రాత్రిళ్లు శిష్యులు చేరేవారు. ఒకరు అష్షిఫా నుంచి, మరొకరు అల్ ఖానూన్ నుంచి వంతులవారీగా చదివేవారు. పాఠం అయ్యాక సంగీతం, మద్యం కూడా ఉండేవని జూజ్జానీ దాచకుండా రాశారు. ఈ అలవాట్లను మనం సమర్థించలేం. ఆయన తాత్విక భావాలను తర్వాతి కాలంలో ఇమామ్ గజాలీ తీవ్రంగా ఖండించిన సంగతి కూడా చదువుకున్నవారికి తెలుసు. ఆ చర్చ వేరు. ఇక్కడ మనం చూస్తున్నది వైద్యుణ్ణి.

1021లో షమ్సుద్దౌలా తారుమ్ వైపు దండెత్తి బయలుదేరాడు. దారిలో శూల తీవ్రంగా వచ్చింది. వేరే జబ్బులూ తోడయ్యాయి. ఆహారం విషయంలో ఇబ్న్ సీనా చెప్పిన పత్యం పాటించకపోవడమే అందుకు కారణమని జూజ్జానీ రాశారు. సైన్యం ఆయన్ను పల్లకీలో వెనక్కి తీసుకువస్తుండగా హమదాన్ చేరకముందే ప్రాణం పోయింది.

కోటలో రాసిన పుస్తకం

కొత్త పాలకుడు మంత్రి పదవి ఇస్తానన్నా ఇబ్న్ సీనా ఒప్పుకోలేదు. ఇస్ఫహాన్ పాలకుడు అలావుద్దౌలాకు రహస్యంగా ఉత్తరం రాసి, అబూ గాలిబ్ అనే మందుల వ్యాపారి ఇంట్లో దాక్కున్నారు. దగ్గర ఒక్క పుస్తకం లేకుండా, జ్ఞాపకం మీదనే, రోజుకు 50 పుటల చొప్పున అష్షిఫా రాస్తూ పోయారు. చివరకు ఉత్తరం సంగతి బయటపడి, ఫర్దజాన్ కోటలో నాలుగు నెలలు ఖైదయ్యారు. ఆ ఖైదులో ఆయన రాసిన వాటిలో ఒకటి కితాబుల్ ఖూలంజ్. ఏ జబ్బు తనకు మంత్రి పదవి ఇప్పించిందో ఆ జబ్బు మీదనే, పదవీ పోయి స్వేచ్ఛా పోయినప్పుడు, ఒక గ్రంథం!

గుండె మందుల గ్రంథమైన అల్ అద్వియతుల్ ఖల్బియ్యా అంతకుముందే, హమదాన్ వచ్చిన కొత్తలోనే రాశారు. అలా గుండె మీద, పేగు మీద రాసిన ఈ రెండూ ఒకే ఊరి అనుభవంలో పుట్టాయి.

గుండె మందుల గ్రంథంలో ఇబ్న్ సీనా చెప్పేదేమిటంటే, గుండె ఎడమ గదిలో రూహ్ అనే సూక్ష్మమైన ప్రాణశక్తి పుడుతుంది, సంతోషం దాన్ని వికసింపజేస్తుంది, దుఃఖం, భయం కుంగదీస్తాయి. కనుక మనసుకు ఉల్లాసాన్నిచ్చేవే గుండెకు మందులు. కుంకుమపువ్వు, గులాబీ, చందనం, కస్తూరి, గావ్‌జబాన్, ఉసిరి, ముత్యాలు ఆ పట్టికలో ఉన్నాయి. 14వ శతాబ్ది మొదట్లో స్పెయిన్‌కు చెందిన ఆర్నాల్డ్ అనే వైద్యుడు దీన్ని లాటిన్‌లోకి అనువదించాడు. హైదరాబాదు చార్మినార్ పక్కనున్న నిజామియా తిబ్బీ కళాశాలలో నేర్పే యునానీ వైద్యానికి మూలం ఈ సంప్రదాయమే. మన హకీములు రాసే ఖమీరా గావ్‌జబాన్ వెనుక ఉన్న ఆలోచన ఇదే. ముత్యాలు మింగితే గుండె జబ్బు నయమవుతుందని నేటి శాస్త్రం ఒప్పుకోదు. అయితే దిగులు, భయం, ఆందోళన గుండె మీద పడతాయన్న మాటను ఏ హృద్రోగ నిపుణుడూ కాదనడు.

ఇక శూల గ్రంథం. నొప్పి అన్నింటికీ ఒకే మందు ఇవ్వరాదన్నది అందులోని ముఖ్య సూత్రం. శూల గాలి వల్ల వచ్చిందా, గట్టిపడిన మలం వల్లనా, వాపు వల్లనా, పేగు మెలిపడటం వల్లనా అని ముందు తేల్చుకోవాలి. మూత్రపిండంలో రాయి వల్ల వచ్చే నొప్పి కూడా శూలలాగే ఉంటుంది. ఆ రెంటినీ వేరు చేసి గుర్తించే లక్షణాలను ఆయన వివరంగా రాశారు. మత్తుమందులు ఇచ్చి నొప్పిని నిద్రపుచ్చడాన్ని ఆయన ఇష్టపడలేదు. నొప్పి తెలియకపోయినంత మాత్రాన కారణం పోదని, పైగా బంధం మరింత బిగుస్తుందని ఆయన అభిప్రాయం. ప్రాణం మీదికి వస్తేనే అలాంటి మందుకు పోవాలి. ఈ మాట గుర్తుంచుకోండి. ఆయన చివరి రోజుల్లో ఇది మళ్లీ వస్తుంది.

కడుపుకు, గుండెకు పేర్లలోనే చుట్టరికం ఉంది. ప్రాచీన గ్రీకులు గుండెనూ, జీర్ణాశయం పైద్వారాన్నీ ఒకే మాటతో పిలిచేవారు. నేటికీ డాక్టర్లు ఆ ద్వారాన్ని కార్డియా అనే అంటారు. అరబ్బీ వైద్యులకూ ఈ సంగతి తెలుసు. గుండె దడను వారు ఖఫఖాన్ అన్నారు. గుండెలోనే దోషం ఉండి వచ్చే దడ వేరు, జీర్ణాశయం చెడి దాని ప్రభావం గుండె మీద పడి వచ్చే దడ వేరు అని అల్ ఖానూన్ విభజించి చెబుతుంది.

తొమ్మిది వందల ఏళ్ల తర్వాత, 20వ శతాబ్ది తొలినాళ్లలో, లుడ్విగ్ రోమ్‌హెల్డ్ అనే జర్మన్ వైద్యుడు దాదాపు ఈ మాటే చెప్పాడు. గాలితో ఉబ్బిన కడుపు పైనున్న ఉదరవితానాన్ని ఎత్తిపడుతుంది. మెదడు నుంచి గుండెకూ, జీర్ణాశయానికీ రెండింటికీ పోయే వేగస్ నాడి కూడా కదులుతుంది. దాంతో గుండె దడ, ఛాతీ బరువు, ఊపిరాడనట్టు అనిపించడం, ఇవన్నీ గుండెలో ఏ జబ్బూ లేకుండానే రావచ్చు. కడుపు ఖాళీ అయితే తగ్గుతాయి.

దీనికి రెండో వైపు ఉంది. అదే ప్రమాదకరమైనది. 1768లో లండన్‌లో విలియం హెబర్డెన్ అనే వైద్యుడు గుండె నొప్పిని మొదటిసారి స్పష్టంగా వర్ణిస్తూ, అది నడుస్తున్నప్పుడు, ముఖ్యంగా భోజనం చేసి నడుస్తున్నప్పుడు వస్తుందని గుర్తించాడు. నిండు భోజనం అరిగించడానికి గుండె ఎక్కువ రక్తం పంపాలి. రక్తనాళాలు పూడిన గుండెకు ఆ పని భారమై నొప్పి వస్తుంది. భోజనం తర్వాతే వచ్చింది కాబట్టి అందరూ గ్యాస్ అనుకుంటారు. త్రేన్పు వస్తే కాస్త ఉపశమనంగా కూడా అనిపించవచ్చు. ఛాతీ మధ్యలో నొక్కినట్టుండి, చెమట పట్టి, నొప్పి ఎడమ చేతికో, దవడకో, వీపుకో పాకితే సోడా తాగి కూర్చోకూడదు. వెంటనే ఆసుపత్రికి వెళ్లి ఈసీజీ తీయించాలి. మధుమేహం ఉన్నవారిలో, స్త్రీలలో ఛాతీ నొప్పి ఉండకపోవచ్చు. వికారం, పొట్ట పైభాగంలో మంట, ఉత్త నీరసం, అంతే. గ్యాస్ కాదని తేలేదాకా గ్యాస్ అనుకోవడం మనవాళ్ల అలవాటు. గుండె కాదని తేలేదాకా గుండె అనుకోవడం వైద్యుల పద్ధతి. మొదట కారణం తేల్చాకే మందు అన్న హకీం మాట ఎక్కడైనా అక్కరకు వస్తుందంటే ఇక్కడే.

ఇంతకూ కడుపు విషయంలో ఆయన సామాన్యులకు చెప్పింది కొంచెమే. ఆరోగ్య రక్షణలో మొదటిది వ్యాయామం, తర్వాత ఆహారం, ఆ తర్వాత నిద్ర. ఆకలి లేకుండా తినరాదు. ఆకలి ఇంకా కాస్త మిగిలి ఉండగానే చేయి కడుక్కోవాలి. కడుపును మూడు భాగాలు చేసుకోమన్న దైవప్రవక్త (స) ఉపదేశం తెలిసినవారికి ఇది కొత్త మాట కాదు. రంజాన్‌లో మాత్రం మనం ఈ రెండూ మరచిపోతాం. పగలంతా ఖాళీగా ఉన్న కడుపులో ఇఫ్తార్ వేళ బజ్జీలు, సమోసాలు, షర్బత్, ఆ వెంటనే గిన్నెడు హలీం దించి, తరావీహ్ నమాజులో వంగలేక ఆయాసపడేవారిని ఏ మస్జిదులోనైనా చూడవచ్చు.

ఎనిమిది సార్లు

ఖైదు నుంచి విడుదలయ్యాక ఇబ్న్ సీనా, జూజ్జానీ, తమ్ముడు, ఇద్దరు సేవకులు సూఫీల దుస్తులు వేసుకుని హమదాన్ నుంచి తప్పించుకున్నారు. ఇస్ఫహాన్‌లో అలావుద్దౌలా ఘనంగా స్వాగతం పలికాడు. ఆ తర్వాతి సుమారు 13 ఏళ్లు ఆయన జీవితంలో కొంత నెమ్మదైన కాలం. అష్షిఫా పూర్తయింది. ఫార్సీలో నాడీ పరీక్ష మీద ఒక చిన్న గ్రంథం రాశారు. అయితే అలావుద్దౌలా యుద్ధానికి వెళ్తే ఇబ్న్ సీనా కూడా గుర్రమెక్కవలసిందే. వయసు మీద పడుతోంది. దృఢమైన శరీరమే గాని, దేహసుఖాల విషయంలో ఆయన మితం పాటించలేదని, అదే ఆయన్ను దెబ్బతీసిందని శిష్యుడు మొగమాటం లేకుండా రాశారు.

గజ్నవీ సేనాని తాష్ ఫర్రాష్‌తో కరజ్ నగర ద్వారం దగ్గర యుద్ధం జరుగుతున్నప్పుడు ఇబ్న్ సీనాకు శూల పట్టుకుంది. పాలకుడు ఓడి పారిపోవలసి వస్తే జబ్బుతో ఉన్న తాను ప్రయాణం చేయలేక వెనుకబడిపోతాననే భయం. ఎలాగైనా తొందరగా నయం కావాలి. ఒక్క రోజులో ఎనిమిది సార్లు వస్తి చేయించుకున్నారు. వస్తి అంటే మన ఆసుపత్రుల్లో ఎనిమా. పేగు లోపలి పొర పుండు పడింది. భయపడినట్టే అలావుద్దౌలాతో కలిసి ఈజజ్ వైపు హడావిడిగా సాగవలసి వచ్చింది. అక్కడ మూర్ఛలాంటి వంకరలు మొదలయ్యాయి. అన్నిసార్లు వస్తి చేస్తే ఒంట్లోని నీటితో పాటు ఉప్పులు, పొటాషియం పోతాయని, కండరాలు పట్టేస్తాయని, గుండె కొట్టుకునే తీరు సైతం గతి తప్పుతుందని నేటి వైద్యం చెబుతుంది. మరో రోగికైతే ఒక్క రోజులో ఎనిమిది సార్లు ఆ పని చేయనిచ్చేవారా ఆయన? పరుల నొప్పికి 40 రోజులు ఓపిక పట్టిన మనిషి తన నొప్పికి ఒక్క రోజు ఆగలేకపోయారు.

అయినా వస్తి మానలేదు. గాలిని విరిచే గుణం ఉందని అందులో రెండు దానఖ్‌ల కరఫ్స్ గింజలు వేయమన్నారు. కరఫ్స్ అంటే మన వాము, జీలకర్ర, సోంపుల కుటుంబానికి చెందిన అజ్మోద్. దానఖ్ దిర్హములో ఆరో వంతు. రెండు దానఖ్‌లంటే సుమారు ఒక గ్రాము. చికిత్స చేస్తున్న వైద్యుల్లో ఒకడు ఐదు దిర్హముల గింజలు వేశాడు. అంటే చెప్పినదానికి 15 రెట్లు! పొరపాటున వేశాడో, కావాలని వేశాడో తాను ఆ సమయంలో అక్కడ లేనందున తెలియదని జూజ్జానీ రాశారు. ఆ ఘాటుకు పేగు పుండు ఇంకా పెరిగింది. మరోపక్క మూర్ఛ కోసం వాడుతున్న లేహ్యంలో ఒక సేవకుడు నల్లమందు ఎక్కువగా కలిపాడు. ఆ సేవకులు ఆయన ధనం పెద్దమొత్తంలో కాజేశారు, ఆయన బతికితే తమకు శిక్ష తప్పదని భయపడ్డారు. ఏ మత్తుమందును శూల రోగికి ఇవ్వడానికి ఆయన వెనుకాడారో అదే మందు ఆయనకు తెలియకుండా ఆయన కడుపులోకి చేరింది.

పల్లకీలో ఇస్ఫహాన్‌కు చేర్చారు. లేచి నిలబడలేని స్థితి. తనకు తానే వైద్యం చేసుకుంటూ కొన్నాళ్లకు నడవగలిగారు, దర్బారుకూ వెళ్లారు. పూర్తిగా కోలుకోకముందే పాత జీవితంలో పడ్డారు. జబ్బు కొన్నాళ్లు తగ్గడం, మళ్లీ తిరగబెట్టడం, అలా సాగింది. అలావుద్దౌలా హమదాన్ బయలుదేరితే ఆయనా వెంట వెళ్లారు. దారిలోనే జబ్బు తిరగబెట్టింది. హమదాన్ చేరేసరికి శరీరంలో రోగాన్ని ఎదిరించే శక్తి మిగల్లేదని ఆయనకు అర్థమైంది. ఎన్నో నాడులు చూసిన చేయి కదా, తన నాడి తెలియకుండా ఉంటుందా! ఆ రోజు నుంచి మందు మానేశారు. ఉన్నది పేదలకు పంచి, బానిసలకు విముక్తి ఇచ్చి, మూడు రోజులకొకసారి ఖుర్ఆన్ పారాయణం పూర్తి చేస్తూ గడిపారని తర్వాతి చరిత్రకారులు రాశారు.

హిజ్రీ 428 రంజాన్ మాసంలో, అంటే 1037లో, 57 ఏళ్ల వయసులో ఇబ్న్ సీనా కన్నుమూశారు. హమదాన్‌లోనే ఖననం చేశారు. తర్వాత వంద, నూట యాభై ఏళ్లకు స్పెయిన్‌లోని టొలెడోలో అల్ ఖానూన్ లాటిన్‌లోకి మారింది. 1593లో రోమ్‌లో దాని అరబ్బీ మూలం అచ్చయింది. కొన్ని వందల ఏళ్లు యూరప్ వైద్య విద్యార్థులు అదే చదువుకున్నారు.

1950లలో ఇరాన్ ప్రభుత్వం హమదాన్‌లో పాత సమాధి స్థానంలో ఎత్తైన రాతి స్తంభాలతో కొత్త స్మారకం నిర్మించింది. లోపల ఒక సమాధి కాదు, రెండు ఉన్నాయి. రెండోది అబూ సయీద్ దఖ్‌దూక్‌ది. సైనికులు తల కోరుతూ వెతికిన ఆ 40 రోజులు ఇబ్న్ సీనాను తన ఇంట్లో దాచిన మిత్రుడు ఆయనే.